భాస్వరపు లెక్క తేల్చిన తెలుగువాడు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ఉగాదినాడు వేపపువ్వు పచ్చడి తిని పంచాంగ శ్రవణానికి కూర్చోవడం మన ఆచారం. ఏ ఊళ్ళో ఉన్నా, ఎన్ని తరాలుగా పరాయి నేలమీద కాపురం ఉన్నా, మనవారు ఈ ఒక్క ఆచారాన్ని మానలేదు. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని విని, రాబోయే ఏడాదికి మనసును సిద్ధం చేసుకొంటాము. ఒక మనిషి జీవితానికి కూడ ఇలాంటి లెక్క వేయవచ్చునని మాకు అనిపిస్తుంది. అలా వేస్తే, డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితంలో వ్యయం మెండు, రాజపూజ్యం బహు స్వల్పం. అయితే వారివల్ల లోకానికి కలిగిన ఆదాయానికి మాత్రం అంతు లేదు.

ప్రవాసాంధ్రులమైన మనకు ఆయన రెండు విధాల ఆప్తుడు. మొదటిది, మనలో అనేకుల పెద్దలవలెనే ఆయన కూడ గోదావరి ప్రాంతం విడిచి చదువుకోసం చెన్నపట్నం చేరినవాడు. రెండవది, అక్కడినుంచి ఇంకా దూరం పోయి, తిరిగి ఇంటి గడప తొక్కకుండానే కన్నుమూసినవాడు. మందుల గూర్చి ఆయన చేసిన పని మనవారిలో కొందరికైనా తెలుసు. కాని మన ఒంటిలోని ప్రతి జీవకణం చుట్టూ ఉన్న పలుచని కొవ్వు పొరకూ, అందులోని రవాణా యంత్రాలకూ ఆయన పేరుతో ఉన్న సంబంధం అంతగా తెలియదు. అందుచేత ఈ సంచికలో ఆయన జీవితంతోపాటు ఆ సంగతిని కూడ నాలుగు మాటల్లో చెప్పదలచినాము.

బాల్యము, చదువు

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబం పెద్దది, రాబడి చిన్నది. తండ్రి ఆరోగ్యం చెడడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. కుర్రవాడికి చదువుమీద కంటె సంపాదనమీద ధ్యాస మళ్ళింది. పదమూడేళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరాడు. యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనవంతుడు కావాలని ఆ పసివాడి ఆలోచన. పెద్దలు దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చారు. తల్లి వెంకమ్మగారు గట్టి మనిషి. చదువు తప్ప గతి లేదని నిశ్చయించి, అతన్ని రాజమండ్రి బడికి తరిమింది.

మెట్రిక్యులేషను పరీక్ష ఆయనకు సులభంగా లొంగలేదు. రెండుమార్లు తప్పి, మూడవమారు చెన్నపట్నంలో తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలునుంచి ఉత్తీర్ణుడయ్యాడు. పిమ్మట ప్రెసిడెన్సీ కాలేజిలో ఇంటర్మీడియెటు చదివాడు. ఆ రోజుల్లో రామకృష్ణ మఠం ప్రభావం అతనిపై బలంగా పడింది. సన్యాసం పుచ్చుకొంటానని పట్టుపట్టాడు. తల్లి అంగీకరించలేదు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోమని మఠంవారూ చెప్పి, వైద్యం నేర్చుకొని జనానికి సేవ చేయమని దారి చూపారు. అలా ఆయన మద్రాసు మెడికల్ కాలేజిలో చేరారు.

మెడికల్ కాలేజి చదువుకు ఖర్చు తక్కువేమీ కాదు. అనపర్తి వాస్తవ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆదుకొన్నారు. వారి కుమార్తె శేషగిరిని 1919లో సుబ్బారావుగారు వివాహమాడారు. అవి గాంధీజీ పిలుపు దేశమంతటా మారుమోగుతున్న రోజులు. సుబ్బారావుగారు ఖద్దరు తొడుక్కొని ఆపరేషను గదికి వెళ్ళేవారు. శస్త్రచికిత్స బోధించే ఆంగ్లేయ ప్రొఫెసరుకు అది గిట్టలేదు. తక్కిన పాఠాల్లో బాగా రాసినా, చివరకు పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ బదులు, దానికంటె చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే చేతికి వచ్చింది. ఒక గుడ్డముక్క చేసిన ఈ నష్టం ఆయన జీవితమంతా వెంటాడింది. ప్రభుత్వ వైద్యశాఖలో మంచి ఉద్యోగానికి ఆ పట్టా చాలలేదు.

ఇంతలో ఇంట్లో పిడుగు పడింది. ఇద్దరు సోదరులు ఒకరి వెనుక ఒకరు సంగ్రహణి వ్యాధితో పోయారు. ఇంగ్లీషు వైద్యంలో స్ప్రూ అనే ఈ జబ్బులో తిన్నది ఒంటపట్టదు. చిన్నప్రేగు పొర దెబ్బతిని, ఆహారంలోని సారం రక్తంలోకి దాటదు. రోగి రక్తహీనుడై, అన్నం ముందు పెట్టుకొనే క్షీణించిపోతాడు. సుబ్బారావుగారికే ఆ జబ్బు సోకింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. ఆ కృతజ్ఞతతో లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించే అధ్యాపకుడుగా చేరారు. వైద్యుడై ఉండీ సోదరులను కాపాడుకోలేకపోయిన బాధ మాత్రం లోపల మానలేదు. ఆహారసారం ప్రేగు పొరను ఎలా దాటుతుంది, ఎందుచేత దాటకుండా ఆగుతుంది అన్న ప్రశ్నకు అప్పటికి ఎవరివద్దా సరైన జవాబు లేదు.

సముద్రం దాటి

పై చదువుకు అమెరికా వెళ్ళాలన్న కోరిక కలిగింది గాని చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారు సహాయం చేస్తామని మాట ఇచ్చారు. ఇక్కడ మనవారు ఒక సంగతి గమనించాలి. సత్యలింగ నాయకర్‌గారు బర్మా వెళ్ళి రంగూనులో వ్యాపారం చేసి గడించిన ధనాన్ని పేదల చదువుకు, అన్నానికి రాసి ఇచ్చిన దాత. ఒక ప్రవాసాంధ్రుడు చెమటోడ్చి కూడబెట్టిన సొమ్ము మరొక తెలుగువాణ్ణి హార్వర్డుకు పంపింది. ధర్మం చేసిన మనిషి ఫలితం చూడలేదు. చూడకపోయినా ఫలితం ఆగలేదు.

1920 తరువాతి తొలి సంవత్సరాల్లో, ముప్పై ఏళ్ళు నిండకముందే, సుబ్బారావుగారు బోస్టను నగరంలో దిగారు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వైద్యం అభ్యసించారు. మన దేశపు పట్టాతో అక్కడ వైద్యం చేసే అధికారం లేనందున, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట పని పట్టుకొన్నారు. పగలు చదువు, రాత్రి రోగుల పడకలు సర్దడం, పాత్రలు కడగడం. స్వదేశంలో పుట్టిన కొడుకు పసితనంలోనే పోయినాడన్న వార్త ఆయనకు అక్కడే అందింది. ఆ బిడ్డను ఆయన కళ్ళతో చూడలేదు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్ళిన మనిషి తరువాత ఎన్నడూ రాలేదు. శేషగిరమ్మగారు ఆయనను మరి చూడలేదు. ఆయన కీర్తిని గూర్చి రాసేవారు ఈ ఇల్లాలి వంతును తరచు మరచిపోతారు. మేము మరువదలచుకోలేదు. ఆ మహాకార్యంలో ఆమె మోసిన భారం తక్కువది కాదు.

నీలపు రంగు చెప్పిన మాట

ఉష్ణదేశ వైద్యం ముగిసిన పిమ్మట, సుబ్బారావుగారు హార్వర్డులోనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు వద్ద చేరారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని చూపుకు చాలా చిన్నది. రక్తంలో, కండలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో కొలవడానికి సులభమైన పద్ధతి కనిపెట్టాలి. అంతకుముందు ఉన్న పద్ధతులు ఆలస్యం, పైగా నమ్మదగనివి. ఆయనా ఫిస్కే కలసి పరిశ్రమించి, 1925లో ఒక పద్ధతిని ప్రకటించారు. ఆమ్లంలో ఫాస్ఫేటును మాలిబ్డేటు అనే లవణంతో కలిపి, దానికి మరొక రసాయనం చేరిస్తే, ద్రవం నీలంగా మారుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. ఆ రంగును తెలిసిన ప్రమాణంతో పోల్చి లెక్క తేల్చవచ్చు. ఇదే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. వంద ఏళ్ళకు పైబడినా, ఆ పేరు జీవరసాయన విద్యార్థుల నోట ఇంకా వినిపిస్తుంది.

చిన్న పనిని శ్రద్ధగా చేసేవాడికి పెద్ద రహస్యాలు దొరుకుతాయన్న మాట ఇక్కడ రుజువైంది. కండనుంచి తీసిన ద్రవంలో నీలపు రంగు రావలసిన వేగంతో రాలేదు. మెల్లమెల్లగా చిక్కనవుతూ పోయింది. మరొకరైతే పరీక్షలో ఏదో లోపమని పారబోసి ఉండేవారు. వీరిద్దరూ అలా చేయలేదు. కండలో ఫాస్ఫేటు ఏదో మరొక పదార్థంతో ముడివడి ఉండి, ఆమ్లం తగలగానే కొద్దికొద్దిగా విడిపోతున్నదని గ్రహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ వేరుగా ఆ జాడనే పట్టారు. కండ కదలికకు లాక్టికామ్లమే మూలమని అంతవరకు పండితులు నమ్మిన సిద్ధాంతం దీనితో కదిలిపోయింది.

1929లో ఫిస్కే, సుబ్బారావుగార్లు కండలోనే అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏ.టి.పి.ని, గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రంగా దాన్ని కనిపెట్టాడు. జీవకణంలో శక్తి చెల్లుబాటయ్యే నాణెం ఇదేనని పిమ్మట పదేళ్ళలో లోకానికి తెలిసింది. మనం తినే అన్నంలోని శక్తి చివరకు ఈ నాణెంలోకి మారి, కండ ముడుచుకోవడానికి, గుండె కొట్టుకోవడానికి, నరం మాట అందించడానికి ఖర్చవుతుంది. పెద్ద మనిషి ఒక్క రోజులో తన ఒంటి బరువుకు దాదాపు సరితూగేంత ఏ.టి.పి.ని ఖర్చుచేసి తిరిగి తయారుచేసుకొంటాడని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు డాక్టరేటు లభించింది. స్థిరమైన ప్రొఫెసరు పదవి మాత్రం లభించలేదు.

కణపు పొర సంగతి

ఇక్కడ కథకు కొంత ఆగి, మొదట మాట ఇచ్చిన సంగతికి వస్తాము. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వెలువడిన 1925వ సంవత్సరంలోనే, హాలండులో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు మరొక లెక్క తేల్చారు. రక్తంలోని ఎర్రకణాల కొవ్వునంతా తీసి నీటిమీద ఒక్క వరుసగా పరిస్తే, అది ఆ కణాల పైతలానికి సుమారు రెట్టింపు మేర ఆక్రమించింది. అంటే ప్రతి కణం చుట్టూ కొవ్వు రెండు వరుసలుగా ఉన్నదన్నమాట. మిల్లీమీటరులో రెండు లక్షలవ వంతు మందమైన ఈ పొరే కణానికి ప్రహరీ.

ఈ కొవ్వు మన వంటింటి నూనె వంటిదే గాని, దానికొక ప్రత్యేకత ఉన్నది. వీటిలో ఎక్కువ అణువులకు తలలో భాస్వరం ఉంటుంది. ఆ తల నీటిని కోరుతుంది. రెండు తోకలు నీటిని వదిలించుకోవాలని చూస్తాయి. అందుచేత తలలు వెలుపలికి, తోకలు లోపలికి పెట్టి, రెండు వరుసలు ఎదురెదురుగా అమరుతాయి. తోకల తీరునుబట్టి పొర స్వభావం మారుతుంది. మాఘమాసపు చలికి నెయ్యి పేరుకొంటుంది, నువ్వులనూనె పేరుకోదు. కారణం తోకల్లో ఉన్నది. నిటారు తోకలు దగ్గరగా ఒదిగి గట్టిపడతాయి. వంపు ఉన్న తోకలు ఒదగలేక పలుచగా ఉంటాయి. కణం తన పొరలో ఈ రెండు రకాలనూ, కొలెస్టరాలునూ తగుపాళ్ళలో కలుపుకొంటుంది.

ప్రహరీ ఉంటే చాలదు, గుమ్మాలు కూడ ఉండాలి. ఉప్పు, చక్కెర, విటమినులు ఈ కొవ్వును తమంతట తాము సులభంగా దాటలేవు. వాటిని దాటించడానికి పొరలో రవాణా మాంసకృత్తులు ఉంటాయి. 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ పీతల నరాల్లో ఇటువంటి ఒక పంపును పట్టుకొన్నాడు. అది ఒక్కొక్క ఏ.టి.పి. ఖర్చుకు మూడు సోడియం అయానులను వెలుపలికి తోసి, రెండు పొటాసియం అయానులను లోపలికి తెస్తుంది. 1997లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. సుబ్బారావుగారు కండలో చూసిన నాణెమే ఈ గుమ్మంవద్ద సుంకంగా చెల్లుతున్నది.

చాలాకాలం కొవ్వు కేవలం గోడ అనీ, పనంతా మాంసకృత్తుదే అనీ అనుకొనేవారు. అది సరి కాదని పిమ్మట తెలిసింది. వానాకాలంలో గోడా ద్వారబంధమూ చెమ్మకు ఉబ్బితే, తలుపు ఎంత మంచి టేకుదైనా పట్టేస్తుంది. కణంలోనూ అంతే. 1970 తరువాత ఇంగ్లండులో కొందరు, కండలో కాల్షియంను తోడే పంపును తీసి, దాని చుట్టూ ఉన్న సొంత కొవ్వును తొలగించి, తాము కోరిన కొవ్వును చుట్టూ పెట్టి చూశారు. ఒక్కొక్క పంపును సుమారు 30 కొవ్వు అణువులు వలయంగా ఆవరించి ఉంటాయని లెక్క తేలింది. తోకలు మరీ పొట్టివైతే పొర పలుచబడి పంపు మందగించింది, మరీ పొడుగువైతే పొర మందమై అప్పుడూ మందగించింది. నడిమి కొలతవద్దనే చురుకుగా నడిచింది. పొర గట్టిపడితే పంపు ఆకారం మార్చుకోలేక దాదాపు ఆగిపోయింది. స్కౌ కనిపెట్టిన సోడియం పంపుకైతే, ఫాస్ఫాటిడిల్‌సెరిన్ అనే ఒక ప్రత్యేకమైన కొవ్వు, కొలెస్టరాలు తోడు ఉంటేనే నిలకడ.

అన్నిటికంటె ముచ్చటైన ఉదాహరణ ఏ.టి.పి.దే. ఈ నాణెం ముద్రపడే టంకశాల కణంలోని మైటోకాండ్రియా. అక్కడ తయారైనది బయటికి రావాలి, ఖర్చయి మిగిలిన ఏ.డి.పి. లోపలికి పోవాలి. ఈ మారకం చేసే రవాణా మాంసకృత్తు ఒకటి ఉన్నది. దానిని కార్డియోలిపిన్ అనే కొవ్వు గట్టిగా అంటిపెట్టుకొని ఉంటుంది. తక్కిన కొవ్వులకు రెండు తోకలైతే దీనికి నాలుగు, తలలో భాస్వరం రెండు. ఎద్దు గుండెలో మొదట దొరికినందున దానికి ఆ పేరు. 1985లో జర్మన్ శాస్త్రజ్ఞులు ఈ పట్టును చూసినది భాస్వరపు సంకేతం ఆధారంగానే. కార్డియోలిపిన్ తోకలు సరిగా అమరని మగపిల్లలకు బార్త్ వ్యాధి వస్తుంది. గుండె, కండలు బలహీనపడతాయి. గుమ్మం చుట్టూ ఉన్న కొవ్వు కొంచెం మారితే బిడ్డ గుండెకే ముప్పు.

ఇన్ని పరిశోధనల్లోనూ మొదట రావలసిన ప్రశ్న ఒకటున్నది. ఈ పొరలో భాస్వరపు కొవ్వు ఎంత, మాంసకృత్తు ఎంత? కొవ్వును ఆమ్లంలో కాల్చి, మిగిలిన భాస్వరాన్ని నీలపు రంగుగా మార్చి కొలుస్తారు. 1959లో బార్ట్‌లెట్ సవరించి ప్రచారంలోకి తెచ్చిన ఆ కొలత ఫిస్కే-సుబ్బారావు పద్ధతికి రూపాంతరమే. పంపు ఎంత వేగంగా ఏ.టి.పి.ని విడగొడుతున్నదో చూడాలన్నా, విడిపడిన ఫాస్ఫేటును అలాగే లెక్కించడం పరిపాటి అయింది. సుబ్బారావుగారు కణపు పొరను గూర్చి పరిశోధన చేయలేదు. లేని ఘనతను ఆయనకు అంటగట్టడం మా ఉద్దేశం కాదు. కాని ఆ దారిన పోయినవారి చేతిలోని తూనికరాయి మాత్రం ఆయన ఇచ్చినది.

పెరల్ రివర్‌లో

1940లో సుబ్బారావుగారు హార్వర్డు విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలో పెరల్ రివర్ అనే ఊరిలోని లెడర్లె ప్రయోగశాలలకు వెళ్ళారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టరు అయ్యారు. యుద్ధ కాలమైనా, పదిమంది రసాయనజ్ఞులను కూడగట్టి, చిరకాలంగా మనసులో ఉన్న పనిమీద కూర్చున్నారు. కాలేయంలో రక్తహీనతను పోగొట్టే పదార్థం ఏది? ఆ వెదుకులాటలో ఫోలికామ్లం ఆయన బృందానికి చిక్కింది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే విధానాన్ని ప్రకటించారు.

అదే సంవత్సరం మొదలు వైద్యులు ఈ మందును సంగ్రహణి రోగులకు ఇచ్చి చూడగా, వారి రక్తం పుంజుకొన్నది, ఆకలి తిరిగి వచ్చింది. తన ఇద్దరు సోదరులను తీసుకుపోయిన జబ్బుకు, ఇరవై ఏళ్ళకు పైగా గడచిన పిమ్మట, ఆయన ప్రయోగశాలనుంచే మందు వచ్చింది. అది వారికి అందలేదు గాని ఇతరుల సోదరులకు అందింది. ఫోలికామ్లాన్ని ప్రేగు పొర దాటించే రవాణా మాంసకృత్తు ఏదన్నది 2006లో తేలింది. పుట్టుకతోనే అది చెడి ఉన్న బిడ్డలకు ఆహారంలోని ఈ విటమిను ఒంటపట్టదు. నేడు మన ఇళ్ళలో గర్భిణీ స్త్రీలు మింగే ఇనుము, ఫోలికామ్లపు బిళ్ళల వెనుక ఈ చరిత్ర ఉన్నది.

అంతటితో ఆగలేదు. ఫోలికామ్లాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థాలను కూడ ఆయన బృందం తయారుచేసింది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు వాటిలో అమినాప్టెరిన్ అనేదాన్ని రక్తపు కాన్సరుతో ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి జబ్బు వెనుకంజ వేసిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ మేలు కొంతకాలమే నిలిచింది. అయినా ఈ జబ్బు మందుకు లొంగుతుందని మొట్టమొదట గట్టిగా తెలిసింది అప్పుడే. దాని సోదరమైన మెథోట్రెక్సేటు కాన్సరుకు, కీళ్ళవాతానికి నేటికీ వాడుకలో ఉన్నది. అది కణంలోకి చేరేది కూడ పొరలోని ఒక రవాణా మాంసకృత్తు ద్వారానే. కొన్ని కాన్సరు కణాలు ఆ గుమ్మాన్ని మూసివేసుకొని మందుకు లొంగకుండా పోతాయని తెలిసింది.

గోదావరి జిల్లాలవారికి బోదకాలు తెలియని జబ్బు కాదు. ఆ జబ్బు పురుగును అణచే హెట్రజాన్ అనే మందును 1947లో లోకానికి ఇచ్చినది ఆయన బృందమే. డైఇథైల్ కార్బమజిన్ పేరుతో మన దేశంలో ఊరూరా జనానికి పంచిపెడుతున్నది ఈ మందునే. ఆయన డైరెక్టరుగా ఉండగానే, బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు అదే ప్రయోగశాలలో మట్టినుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ జాతి మందులకు అదే మొదలు.

1948 ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయస్సు 53. గుండె కండకు నాణెంలాంటి ఏ.టి.పి.ని చూపిన మనిషి గుండె జబ్బుతోనే పోవడం విధి. స్వతంత్ర భారతాన్ని ఆయన ఒక్క ఏడాదే చూశారు, అదీ దూరంనుంచే. 1946లో అమెరికా చట్టం మారి భారతీయులకు అక్కడి పౌరసత్వం పొందే వీలు కలిగినా, ఆయన దానిని పూర్తిచేసుకోకుండానే వెళ్ళిపోయారు.

మిగిలిన లెక్క

నోబెల్ బహుమతి ఆయనకు రాలేదు. బృందంలో చిన్నవారి పేర్లు ముందుకు నెట్టి, తాను వెనుక నిలవడం ఆయన స్వభావం. ఒక శిలీంధ్రానికి 1953లో ఆయన పేరు పెట్టారు. శతజయంతి ఏడు 1995లో మన తపాలాశాఖవారు ఆయన బొమ్మతో బిళ్ళ వేశారు. ఫోలికామ్లం, మెథోట్రెక్సేటు, డైఇథైల్ కార్బమజిన్, ఈ మూడూ ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అత్యవసర మందుల పట్టికలో ఉన్నవి. బిరుదుల సంగతి ఎలా ఉన్నా, ఈ పట్టికలో చోటు చిన్నది కాదు.

మనవారికి ఈ చరిత్రలో నేర్చుకొనదగినవి మూడు ఉన్నవని మేము తలుస్తాము. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి పనికిరానివాడని తీసిపారేయకూడదు. రెండుమార్లు తప్పినవాడే ఈ పని చేశాడు. చిన్న పనిని చిన్నచూపు చూడకూడదు. రంగు ఆలస్యంగా రావడం కూడ ఆయనకు ఒక వార్తే అయింది. చివరిది మన సంఘాలకు చెందినది. కాకినాడ ధర్మసంస్థవారి మాట లేకపోతే ఆ ఓడ ప్రయాణం సాగేదో లేదో. మన నగరాల్లో తెలుగు కుటుంబాల పిల్లలు నేటికీ ఫీజు కట్టలేక చదువు మానేవారు ఉన్నారు. ఈ ఉగాది పందిరికీ, విందుకూ చేసే ఖర్చులో పదో వంతు తీసి ఒక విద్యార్థి నిధిగా ఉంచితే, ఏ బిడ్డ ఎక్కడికి చేరుతాడో ఎవరికి ఎరుక?

పొర మంచిదైతేనే గుమ్మం తెరుచుకొంటుందని కణం మనకు చెబుతున్నది. ప్రతిభ గల పిల్లవాడి చుట్టూ ఆ పొరగా నిలవవలసినది మనమే. అందరికీ ఈ సంవత్సరాది ఆయురారోగ్యాలు కలుగజేయుగాక.